పలకాకు మేడం

తెనాలి కూరగాయల మార్కెట్లో లిడియాను ఏదో ఒక కొట్టువాళ్ళు అడుగుతూనే ఉండేవాళ్ళు, "ఏంటమ్మా, రోజూ అరటికాయ కూరేనా మీ ఇంట్లో?" అని. ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి మరి. చూడటానికి అరటికాయ కోసిన మరకలాగే ఉండేది కాని, చింతపండు పెట్టి రుద్దినా పోయేది కాదు. అది వెండి మరక. కెమిస్ట్రీ లాబులో వాడే సిల్వర్ నైట్రేట్ చుక్క చర్మం మీద పడి వెలుతురు తగిలితే నల్లబడుతుంది, ఆ పైపొర రాలిపోయేదాకా వదలదు. పరిశోధనలో గడిచిన పదిహేడేళ్ళ పాటు ఒక మరక పోయేలోపు ఇంకొకటి పడుతూనే ఉంది. రిటైరయి రెండేళ్ళయ్యేసరికి చేతులు శుభ్రపడ్డాయి. అన్నం కలుపుకుంటూ ఆ శుభ్రమైన వేళ్ళను చూసుకున్నప్పుడు ఆవిడకు ఎవరి చేతులో అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

ఆవిడ పుట్టి పెరిగింది రేపల్లెలో. తండ్రి జకరయ్య లిడియాకు ఊహ తెలియకముందే పోయాడు. తల్లి ఫ్లోరెన్స్ ఆసుపత్రి నర్సు. కట్లు కట్టే గది ఆవిడ రాజ్యం. లిడియా బడి వదలగానే పలక సంచీతో ఆ గది గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. అక్కడే లెక్కలు చేసుకునేది, అక్కడే పలక తుడుచుకునేది. తుడవటానికి పలకాకు ఉండేది. గట్ల మీద, గోడల వారన, రైలు పట్టాల పక్కన ఎక్కడపడితే అక్కడ పాకే గడ్డిచామంతి మొక్కే అది. పసుపు మధ్యలో చిన్న తెల్ల రేకులతో సన్నటి కాడ మీద పువ్వు నిలబడి ఉంటుంది. ఆకు నలిపి రుద్దితే పలక మీద బలపం గీతలు పోయి నల్లగా నిగనిగలాడేది.

ఆ ఆకే తెగిన గాయాలకీ వేసేవాళ్ళు. కొడవలి తెగినా, ముల్లు దిగినా పొలంలోనే పసరు పిండుకుని, పైన గుడ్డ చుట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. అది చూస్తే ఫ్లోరెన్స్‌కు ఒళ్ళు మండేది.

"మళ్ళీ ఈ పసరేంటయ్యా? మట్టి, పేడ, ఆకు అన్నీ కలిపి కుక్కుకొస్తారు. కడగలేక నా చేతులు పడిపోతన్నాయి."

"రక్తం ఆగింది కదండీ నర్సమ్మగారూ."

"రక్తం ఆగుద్ది, చీము పట్టుద్ది. అప్పుడు వేలు తీసేస్తారు."

అలా తిడుతూనే ఒకరోజు ఒక కూలీ మనిషి పాదం కడుగుతూ ఫ్లోరెన్స్ చటుక్కున ఆగిపోయింది. నాలుగు రోజుల గాయం. పచ్చటి పసరు ముద్ద ఊడి వచ్చాక అడుగున కండ ఎర్రగా, తాజాగా ఉంది. చీము చుక్క లేదు. ఆ ముద్దను దగ్గరగా పెట్టుకుని వాసన చూసి, గుమ్మంలో కూర్చున్న కూతురు తనను గమనిస్తోందని తెలిసి, బకెట్లో పారేసింది. "లెక్క చూసుకో" అని కసిరింది. అప్పటికి లిడియాకు తొమ్మిదేళ్ళు.

రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఎనభై ఎనిమిదిలో తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరింది లిడియా. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే మత్తయితో పెళ్ళయింది. ఆ తరవాత పద్ధెనిమిదేళ్ళు ఒక్క తీరుగా గడిచాయి. జూలైలో కొత్త పిల్లలు, బ్యూరెట్లు, పిపెట్లు, లవణ పరీక్షలు, మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలు. లవణ పరీక్షలో ఉప్పు ఉందో లేదో తేల్చటానికి సిల్వర్ నైట్రేట్ వేస్తారు. పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు దిగితే క్లోరైడ్ ఉన్నట్టు. "చూశారా, తెల్లగా దిగింది, రాసుకోండి" అని ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటుందో ఆవిడకే తెలియదు.

రెండువేల ఆరులో అధ్యాపకుల శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడు పూర్ణచంద్రరావు గారి ఉపన్యాసం విన్నది. ఆయన ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, లిడియా కంటే నాలుగేళ్ళు చిన్నవాడు. సెంటీమీటరును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరని, వెండిని ఆ లెక్కన చిన్న చిన్న రేణువులు చేస్తే అది వెండిలా మెరవదని, తేనె రంగులోకి మారి సూక్ష్మజీవుల్ని చంపుతుందని చెప్పాడు. ఆ రేణువులు చేయటానికి విషపు రసాయనాలే అక్కర్లేదట, కొన్ని ఆకుల కషాయం చాలట. టీ విరామంలో లిడియా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, పలకాకు పనికొస్తుందాండి?"

"అదేంటి మేడం?"

ఆయన పట్నంలో పుట్టి పెరిగినవాడు, పలకాకు ఎరగడు. లిడియా బయటికి తీసుకెళ్ళి, ప్రహరీ గోడ వార నుంచి ఒక రెమ్మ తెంపి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "చేసి చూడకూడదా?" అన్నాడు. అంతే. నలభై మూడేళ్ళ వయసులో లిడియా పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకుంది.

మొదటిసారి తెనాలి కాలేజీ సైకిల్ షెడ్డు వెనక కోసిన ఆకులతో చేసింది. ఆకులు కడిగి, డిస్టిల్డు వాటర్లో కాచి, వడకట్టి, ఆ కషాయాన్ని నీళ్ళలా ఉన్న వెండి ద్రావణంలో కలిపింది. పది నిమిషాలు ఏమీ కాలేదు. తరవాత లేత పసుపు వచ్చింది. ఇంకాసేపటికి తేనె రంగు, అరగంటకి తాటిబెల్లం పాకం రంగు. ఫస్టియర్ పిల్లలు టైట్రేషన్లు వదిలేసి ఆవిడ చుట్టూ మూగారు. "మేడం, పలకాకుతోనా!" అన్నాడు ఒకడు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు పలకాకు మేడం. మొదట వెనకాల పిలిచేవాళ్ళు, తరవాత తరవాత ఎదురుగానే అనేవాళ్ళు. కాలేజీలో ఫ్రిజ్ పాడైనప్పుడు కషాయం సీసాలు ఇంటికి తెచ్చి పెట్టేది. మత్తయి ఒకసారి కాఫీ డికాషన్ అనుకుని పాలలో కలిపేసుకుని, ఒక గుక్క తాగి, "కాఫీ ఎలా పెట్టాలో మర్చిపోయావేంటి లిడియా?" అన్నాడు.

తొలి రోజు కుదిరినంత సులువుగా మళ్ళీ కుదరలేదు. ఆదివారం చర్చి అయ్యాక లిడియా రేపల్లె పాసింజరెక్కి తల్లి దగ్గరికి వెళ్ళేది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటి రైలు నింపాదిగా రేపల్లె చేరేది. సాయంత్రం వచ్చేటప్పుడు అక్కడి పలకాకు సంచీ నిండా కోసుకొచ్చేది. ఆ ఆకుతో చేస్తే ఒకసారి తేనె రంగు, ఇంకోసారి పాలు విరిగినట్టు తెల్లగా మారి, కాసేపటికి బూడిద రంగు మడ్డి. అదే మొక్క, అదే చెయ్యి, అదే కొలత. ఏడాదిన్నర తిరిగేసరికి అరవై రెండు ప్రయోగాల్లో ఇరవై మూడు పాడయ్యాయి. ఎందుకో అంతుపట్టలేదు.

"కుదిరినవి ముప్పై తొమ్మిది ఉన్నాయి కదా మేడం, అవి రాయండి. అందరూ చేసేదదే" అన్నాడు పూర్ణచంద్రరావు.

"మరి కుదరనివాటిని ఏం చేయాలండి?"

"వదిలేయండి. చెయ్యి సరిగా పడి ఉండదు."

"నా చెయ్యి పందొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తోంది సార్."

మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. లిడియా కూడా ఇంటికొచ్చి, ఇంత వయసులో ఈ చదువు తనకెందుకని ఏడ్చింది. కాని ఆ ఇరవై మూడింటినీ వదిలేయటానికి మనసొప్పలేదు. బహుశా తను కోసిన మొక్కల్లో వేరే జాతి ఏదో కలుస్తోందనుకుంది. అది తేల్చుకోవటానికి మొక్కల్ని వార్తాపత్రికల మధ్య అదిమి, ఎక్కడెక్కడ కోసిందో రాసి, కొన్ని పచ్చివి తడిగుడ్డలో చుట్టుకుని బాపట్ల వెళ్ళింది. అక్కడ వ్యవసాయ కళాశాలలో తెలిసిన అధ్యాపకురాలు అన్నీ చూసి, "జాతి ఒకటేనండి" అని తేల్చి, "మా ముత్తయ్యను కూడా అడగండి" అంది.

ముత్తయ్య కళాశాల పొలాల్లో ముప్పై ఎనిమిదేళ్ళు కలుపు తీసి రిటైరైన మనిషి. రైల్వే గేటు అవతల చిన్న ఇంట్లో ఉంటున్నాడు. తలకు తువ్వాలు, సన్నటి ఒళ్ళు, గట్టి కాళ్ళు. లిడియా వచ్చిన పని విని నవ్వాడు.

"బతుకంతా పీకి పారేసిన మొక్కండి ఇది. దీన్ని పట్టుకుని రైలెక్కి వచ్చారా అమ్మగారూ?"

పచ్చి రెమ్మలు ఒక్కొక్కటే తీసి వేళ్ళతో ఆకు మందం చూశాడు. ఒక ఆకు నోట్లో వేసుకుని నమిలి ఉమ్మేశాడు. ఇంకొకటి నమిలాడు.

"ఇది మంచి నేలదండి. ఇదేమో చవుడుది. సముద్రం గాలి తగిలే చోట కోశారా?"

"ఎలా చెప్పారు బాబాయ్?"

"మీరే నాలిక మీద పెట్టుకోండి."

పెట్టుకుంది. ఉప్పగా ఉంది. ఆవిడ కాసేపు ఆ ఆకును నాలిక మీదే ఉంచుకుని అలాగే నిలబడిపోయింది. తిరుగు ప్రయాణంలో అప్పికట్ల దాటాక నవ్వటం మొదలుపెట్టింది. ఎదురు సీట్లో ముసలావిడ "ఏంటమ్మా?" అని అడిగితే, "ఫస్టియర్ పాఠం మర్చిపోయానండి" అంది. ఉప్పు తగిలితే వెండి ద్రావణంలో తెల్లటి తరకలు దిగుతాయి. పందొమ్మిదేళ్ళుగా పిల్లలకు చూపించింది అదే. తన సీసాలో అవే తరకలు ఏడాదిన్నరగా దిగుతుంటే, ఆకు మహిమ గురించి ఆలోచిస్తూ కూర్చుంది. రేపల్లెలో ఆకులు కడిగింది కూడా తల్లి ఇంటి బోరు నీళ్ళతోనే. ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు.

మర్నాడు లాబులో తెనాలి ఆకు కషాయంలో చిటికెడు ఉప్పు వేసి చూసింది. తెల్లగా విరిగింది.

తరవాతి మూడేళ్ళు ఆవిడ జీవితంలో అన్నిటికంటే బాగున్న రోజులు. సెలవు దొరికితే బాపట్ల వెళ్ళేది. ముత్తయ్యతో కలిసి పిట్టలవానిపాలెం పొలాల గట్ల మీదుగా, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి తగిలే దిబ్బల దాకా తిరిగేది. ఎక్కడి ఆకులో ఎంత ఉప్పుందో, ఎన్ని నీళ్ళతో కడిగితే పోతుందో, ఎంత మిగిలితే వెండి రేణువు పాడవుతుందో వరసగా రాసుకుంది. ముత్తయ్య ముందు నడిచేవాడు. ఆయనకు మొక్కల శాస్త్రీయ నామాలు తెలియవు కాని, ఏ మొక్క ఏ నెలలో ఎక్కడ మొలుస్తుందో, ఏది వేరుతో రాదో, ఏది పీకినచోటే మళ్ళీ వస్తుందో తెలుసు. సిద్ధాంత గ్రంథంలో పాడైన ప్రయోగాల మీద లిడియా ఒక అధ్యాయం మొత్తం రాసింది. మౌఖిక పరీక్ష రోజున పరీక్షకులు ఆ అధ్యాయం గురించే గంటసేపు మాట్లాడారు. బయటికొచ్చాక పూర్ణచంద్రరావు అందరి ముందూ, "అది తీసెయ్యమన్నది నేనేనండి. మేడం వినలేదు, మంచిదైంది" అన్నాడు.

అచ్చయిన గ్రంథం తీసుకెళ్ళి ముత్తయ్యకిచ్చింది. ఆయన బరువు చూసి, "ఇంతకీ ఆ మొక్కని పీకమని రాశారా, ఉంచమని రాశారా?" అన్నాడు.

"పొలంలో పీకండి బాబాయ్, గట్టు మీద ఉంచండి."

"ఇదేదో నాకు ముందే తెలుసే" అన్నాడాయన.

పట్టా వచ్చాక ఆవిడ ఆ వెండి రేణువుల్ని కట్టుగుడ్డకు పట్టించే పని మొదలుపెట్టింది. గాజు పళ్ళెంలో పెంచిన చీము సూక్ష్మజీవుల మధ్య ఆ గుడ్డముక్క పెడితే, మర్నాటికి దాని చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడేది. అది చూసి పొంగిపోయిన రోజుల్లోనే తల్లికి కాలు పుండైంది. ఫ్లోరెన్స్‌కు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు. రేపల్లె వదిలి రానని పంతం. బొటనవేలి కింద పుండు మానటం లేదు.

"నీ గుడ్డ తెచ్చి కట్టవే" అంది ఒక ఆదివారం.

లిడియా పాత కట్టు విప్పటం మొదలుపెట్టింది.

"నిన్నే. వెండి గుడ్డ. ఫోన్లో ఫోటో చూపించావుగా, పురుగంతా చచ్చిందని."

"అది పళ్ళెంలో అమ్మా. మనుషుల మీద ఇంకా ఎవరూ వాడలేదు. ముందు జంతువుల మీద చూడాలి, అనుమతులు రావాలి. ఆ వెండి ఒంట్లోకి ఎంత వెళ్తుందో నాకే తెలియదు."

"నా ఒళ్ళే కదా. డెబ్బై ఎనిమిదేళ్ళదాన్ని. నా మీద చూడు."

"చూడలేను."

"ఊళ్ళోవాళ్ళ పసర్లు కడిగినదాన్ని, నోరు తెరిచి అడుగుతున్నాను లిడియా."

"నువ్వు అడిగావని కట్టలేనమ్మా. గుంటూరు వెళ్దాం పద."

ఫ్లోరెన్స్ మొహం గోడవైపు తిప్పుకుంది. మూడు వారాలు కూతురితో మాట్లాడలేదు. చివరికి గుంటూరు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది, బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్ గది బయట బల్లమీద కూర్చుని లిడియా తన నల్లటి వేళ్ళను చూసుకుంటూనే ఉంది. ఆ గుడ్డ కట్టి ఉంటే వేలు దక్కేదేమో. ఉన్నది కూడా పోయేదేమో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయోగమేదీ లేదు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజున ఫ్లోరెన్స్ తనే నోరు తెరిచింది.

"నేను కొత్తగా చేరినప్పుడు, ఏ ఊళ్ళోనో ఎందుకులే, ఒక డాక్టరుగారు కొత్త పొడి తెప్పించారు. పుండ్లకి బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నారు. నలుగురికి చల్లారు. ఒక పసిదానికి చర్మమంతా ఊడింది. ట్రే పట్టుకున్నది నేనే. తప్పండి అనలేదు. పాతికేళ్ళదాన్ని, ఎట్లా అంటాను?"

లిడియా తల్లి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నాకు కాదన్నావు. నర్సునయ్యుండి నేను అడగకూడదు అసలు. కోపం వచ్చింది, ఇప్పటికీ కాస్త ఉంది. అయినా నువ్వు చేసిందే నయం" అంది ఫ్లోరెన్స్. కాలి వైపు చూసి, "ఈ కట్టు చూడు, ఎంత వదులుగా కట్టారో. పిలువు ఆ పిల్లని" అంది.

ఆవిడ ఆ తరవాత ఇంకో నాలుగేళ్ళు బతికింది, చెప్పులో దూది పెట్టుకుని చర్చికి నడిచి వెళ్ళేది.

వెండి గుడ్డ సంగతి కూడా చెప్పాలి. ఇంకో ఊరి ప్రయోగశాలలో అనుమతులతో ఎలుకల గాయాల మీద చూశారు. గాయాలు మానాయి. అయితే మందుల కొట్లో ఎప్పటినుంచో దొరుకుతున్న వెండి ఆయింట్‌మెంటు కంటే ఒక్కరోజు కూడా ముందు మానలేదు. లిడియా ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు రాసి పత్రికకు పంపింది. కొత్త సంగతేమీ లేదని రెండు పత్రికలు తిప్పి పంపాయి, మూడోది వేసింది. మొత్తం మీద ఆవిడ పేరుతో పదకొండు వ్యాసాలు అచ్చయ్యాయి. మందు ఒక్కటీ రాలేదు.

ఆ సంగతి మొన్న డిసెంబరులో బాపట్లలో ఒక అమ్మాయి నిలబెట్టి అడిగింది. లిడియా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఒకే ఒక్క విద్యార్థిని దేవిక ఇప్పుడు బాపట్లలో లెక్చరరు. తన క్లాసుకు వచ్చి మాట్లాడమని పిలిచింది. లిడియా గంటసేపు మాట్లాడాక వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"ఇన్నేళ్ళు చేశారు కదండీ మేడం, చివరికి మందు వచ్చిందాండి?"

దేవిక కంగారుపడింది. లిడియాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చింది.

"రాలేదమ్మా."

"మరి బాధ లేదాండి?"

"ఉంది. పనిచేసిన రోజుల మీద మాత్రం లేదు. మళ్ళీ అక్కడ్నుంచి మొదలుపెట్టమంటే రేపు పొద్దున్నే రైలెక్కుతాను" అంది. పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వులాటకు అనలేదు.

సాయంత్రం దేవిక స్టేషన్‌కు వచ్చి రైలెక్కించింది. కిటికీ పక్క సీటు దొరికింది. ముత్తయ్య లేడిప్పుడు. కరోనా రెండో ఏడు పోయాడు, లిడియాకు నెల తరవాతగాని తెలియలేదు. ఫ్లోరెన్స్ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. వరి కోతలైన పొలాలు వెనక్కి పోతుంటే, ఆవిడకు రెండువేల తొమ్మిదిలో ఒక ముసురు రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ముత్తయ్య రేపల్లె వచ్చాడు. ఉప్పునేలల్లో పొద్దుటినుంచీ తిరిగి, ముగ్గురూ భోజనానికి ఫ్లోరెన్స్ ఇంటికి చేరారు, ఆయన, లిడియా, గొడుగు పట్టుకొచ్చిన మత్తయి. ముత్తయ్య పిక్క మీద ముళ్ళకంప గీరి నెత్తురు కారుతోంది. ఆయన అప్పటికే దాని మీద పలకాకు పిండేసుకున్నాడు.

"ఆ కాలు ఇటు చాపండి" అంది ఫ్లోరెన్స్, వేణ్ణీళ్ళ గిన్నె, దూది పట్టుకుని.

"నెత్తురు ఆగిందండి అమ్మగారూ, ఎందుకు శ్రమ."

"ఆగుద్ది. తరవాత చీము పట్టుద్ది."

"డెబ్బై ఏళ్ళు వచ్చినయ్యండి, ఒక్కసారీ పట్టలేదు."

"పట్టినవాళ్ళు నా దగ్గరికొచ్చారు, పట్టనివాళ్ళు మీ దగ్గర ఉన్నారు. మీకెట్లా తెలుసుద్ది?"

ముత్తయ్య పంచె పైకి లాక్కున్నాడు. కాలు చాపాడు. ఫ్లోరెన్స్ పసరు కడిగి టింక్చరు రాస్తే, "అబ్బా" అని మత్తయి వైపు చూశాడు. మత్తయి గోంగూర పప్పు కలుపుకుంటూ, ఈ వ్యవహారంలో తనకేమీ సంబంధం లేనట్టు తల వంచుకున్నాడు. చూరు నుంచి వాన ధార కడుతోంది. లిడియా వసారాలో కూర్చుని, తడిసిన రెమ్మల్ని పాత పేపర్ల మధ్య సర్దుతూ, ఒక్కొక్క చీటీ మీద ఊరి పేరు, తేదీ రాస్తోంది. లోపల వాళ్ళిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

"అన్నం చల్లారిపోతోంది, నీ ఆకులు ఎక్కడికీ పోవు, లేచి రా" అని తల్లి కేకేసింది.

"ఇదొక్కటీ అయిపోయిందమ్మా" అంది లిడియా. ఇంకా పద్నాలుగు రెమ్మలున్నాయి.